గంట గంటకూ మారే వాల్‌పేపర్ - పాతబస్తీ బొమ్మలతో



కంప్యూటర్ గదిలో తెర మీది బొమ్మ దానంతట అదే ఎట్లా మారుతుంది, లోపల కూర్చుని ఎవరు మారుస్తున్నారు అని చిన్న తరగతుల తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అడుగుతున్నారు. ఒకరిద్దరు దయ్యం అని కూడా అన్నారట. దయ్యమూ లేదు, భూతమూ లేదు. లోపల ఒక గడియారం ఉంది, అంతే. ఆ సంగతి ఈ సంచికలో వివరంగా రాస్తున్నాను. ఉదాహరణకు హైదరాబాద్ పాతబస్తీని తీసుకున్నాను. ఎందుకంటే విహారయాత్ర అనగానే హాస్టల్ బడుల బస్సులన్నీ పోయేది అటే గదా! జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్. చూసినవాళ్ళకు గుర్తుంటది, చూడనివాళ్ళు ఈసారి పోయినప్పుడు చూస్తారు.

ముందు పేర్లు తెలుసుకుందాం. కంప్యూటర్ ఆన్ చేసి ఏ ప్రోగ్రామూ తెరవక ముందు కనిపించే తెరను డెస్క్‌టాప్ అంటారు, అనగా బల్ల పైభాగం అన్నమాట. దాని వెనుక పరిచి ఉండే బొమ్మ వాల్‌పేపర్. వాల్ అంటే గోడ, పేపర్ అంటే కాగితం. మాటకు మాట పెడితే మన గోడపత్రిక పేరు కూడా అదే అవుతుంది! తేడా ఏమిటంటే మన పత్రికను మనమే రాసి, మనమే మైదా జిగురు పెట్టి అతికించాలి. అది మాత్రం ఎవరూ ముట్టుకోకుండానే మారుతుంది. ఇట్లాంటి ఒకే ఒక్క చిన్న పని చేసిపెట్టే ప్రోగ్రామును యుటిలిటీ అంటారు. మన ఇంట్లో కత్తిపీట ఉంటది చూడండి, దానికి కోయడం ఒక్కటే పని. యుటిలిటీ కూడా అట్లాంటి పనిముట్టే.

ఇప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంకు పోదాం. మూసీ నదికి దక్షిణపు ఒడ్డున ఉంటుంది. 1951లో దివాన్ దేవిడీలో మొదలై, 1968లో ఇప్పుడున్న భవనానికి మారింది. అక్కడ అన్నింటికన్నా ఎక్కువ జనం గుమిగూడేది ఒక గడియారం ముందు. కుక్ అండ్ కెల్వీ అనే కంపెనీ వాళ్ళది, 19వ శతాబ్దం నాటిది. అందులో గడ్డం ఉన్న కమ్మరి బొమ్మ ఒకటి సుత్తి పట్టుకుని సెకను సెకనుకూ కొడుతూ ఉంటుంది. గంట కాబోతుండగా ఇంకో బొమ్మ చిన్న తలుపు తీసుకుని బయటికి వస్తుంది. ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి మళ్ళీ లోపలికి పోతుంది. దీని కోసం పిల్లలూ పెద్దలూ ముందే వచ్చి కూర్చుంటారు. 12 కొట్టేది చూస్తే ఎక్కువసేపు చూడవచ్చు.

ఆ బొమ్మకు ప్రాణం లేదు, టైము ఎంతయిందో దానికి తెలియదు. కమ్మరి సెకన్లు లెక్కపెడుతున్నట్టు కనిపిస్తాడు గానీ నిజంగా లెక్కపెట్టేది లోపలి పళ్ళచక్రాలు. ఒక చక్రం పూర్తిగా తిరిగినప్పుడు ఒక మీట లేస్తుంది. మీట లేస్తే తలుపు తెరుచుకుంటుంది. వాల్‌పేపర్ మార్చే యుటిలిటీ లోపల జరిగేది కూడా ఇదే. దానికి మూడు కావాలి: బొమ్మలు దాచిన ఫోల్డర్, లెక్కపెట్టే గడియారం, "ఇప్పుడు మార్చు" అనే ఆదేశం. విండోస్ కంప్యూటర్లలో ఆ ఆదేశానికి సిస్టమ్ పారామీటర్స్ ఇన్ఫో అని ఇంత పొడుగు పేరు ఉంది. దానికి 20 అనే నంబరు, బొమ్మ ఎక్కడున్నదో అడ్రసు ఇస్తే వాల్‌పేపర్ మారిపోతుంది. ఇంటర్నెట్‌లో దొరికే పెద్ద పెద్ద పేర్ల వాల్‌పేపర్ యుటిలిటీలు కూడా చాలావరకు లోపల చేసేది ఈ చిన్న పనే.

గడియారం అన్నాను గదా, అది ఎక్కడుంది? కంప్యూటర్ లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాగా గుండ్రటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా టైము మరిచిపోకుండా చూసేది అదే. పాత కంప్యూటర్లలో ఆ బ్యాటరీ అయిపోతే, ఆన్ చేసిన ప్రతిసారీ టైము ఏదో పాత తేదీకి పోతుంది. అప్పుడు మిట్టమధ్యాహ్నం తెర మీద తెల్లవారుజాము బొమ్మ వస్తుంది. యుటిలిటీ పాడైపోయిందని దాన్ని తిట్టి లాభం లేదు. బిళ్ళ మార్చాలి. కీ ఇవ్వని గడియారం ఆగిపోయినట్టే ఇదీ.

కొంచెం పాత సంగతి చెప్పుకుందాం. 1995లో విండోస్ 95 వచ్చినప్పుడు దానితోపాటు ప్లస్ అనే ఇంకో పెట్టె విడిగా అమ్మారు. అందులో థీములు ఉండేవి, అనగా వాల్‌పేపర్, రంగులు, శబ్దాలు, మౌస్ గుర్తు అన్నీ ఒక్కసారే మారిపోయే సెట్టులు. కానీ వాటిని మార్చాలంటే మనమే నొక్కాలి. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. పచ్చటి గడ్డి కొండ, పైన నీలి ఆకాశం, తెల్ల మబ్బులు ఉన్న బొమ్మ పెద్దవాళ్ళందరికీ గుర్తే. దాని పేరు బ్లిస్. చార్లెస్ ఓరియర్ అనే ఫోటోగ్రాఫర్ 1996లో అమెరికాలోని కాలిఫోర్నియాలో రోడ్డు పక్కన ఆగి తీశాడు. చార్మినార్ పక్క గల్లీలో కంప్యూటర్ కోచింగుకు పోయిన పిల్లవాడు, అడవిలో ఆశ్రమ పాఠశాలలో మొదటిసారి మౌస్ పట్టుకున్న పిల్ల, ఇద్దరూ ముందుగా చూసింది ఆ కాలిఫోర్నియా కొండనే. కొండ బాగానే ఉంది, నాకు దాని మీద కోపం లేదు. కానీ మన గూడేల చుట్టూ ఇన్ని కొండలు పెట్టుకుని ఏళ్ళ తరబడి ఆ ఒక్క కొండనే చూడడం ఏమిటి? మార్చుకోవచ్చని మనకు ఎవరూ చెప్పలేదు, అది సంగతి.

2009లో వచ్చిన విండోస్ 7 నుండి వాల్‌పేపర్‌ను తనంతట తాను మార్చే సౌకర్యం విండోస్ లోపలే పెట్టారు. దాని పేరు స్లైడ్‌షో. (ఆ విండోస్ 7లోనే స్టార్టర్ అనే చవక రకం ఒకటి ఉండేది. అందులో వాల్‌పేపర్ అసలు మార్చనిచ్చేవారు కాదు! తక్కువ డబ్బు పెట్టినవాడు ఇచ్చిన బొమ్మే చూడాలన్నమాట.) విండోస్ 10కి కంపెనీ మామూలు మద్దతును 2025 అక్టోబరులో ఆపేసింది గానీ చాలా బడుల్లో ఇంకా అదే నడుస్తోంది. కాబట్టి దానిలో ఎట్లా చేయాలో రాస్తాను. డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట మౌస్ కుడి బటన్ నొక్కండి. పర్సనలైజ్ అని వస్తుంది. అందులో బ్యాక్‌గ్రౌండ్ దగ్గర స్లైడ్‌షో ఎంచుకోండి. బ్రౌజ్ నొక్కి మన బొమ్మల ఫోల్డర్ చూపించండి. ఎంతసేపటికి మారాలో అడుగుతుంది: 1 నిమిషం, 10 నిమిషాలు, 30 నిమిషాలు, 1 గంట, 6 గంటలు, 1 రోజు. షఫుల్ అని ఇంకొకటి ఉంటుంది. అది ఆన్ చేస్తే పేకముక్కలు కలిపినట్టు వరస మార్చి చూపిస్తుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ మీద ఉన్నప్పుడు మారాలా వద్దా అని కూడా అడుగుతుంది, వద్దనండి. 1 నిమిషం పెట్టకండి. పక్కనున్నవాళ్ళు టైపింగ్ వదిలేసి బొమ్మలే చూస్తూ కూర్చుంటారు.

ఇంతవరకు సులువే. అసలు తిరకాసు ఇక్కడుంది. తెల్లవారు నుండి రాత్రి దాకా చార్మినార్ బొమ్మలు వరసగా పెట్టి 1 గంట అని ఎంచుకున్నామనుకోండి. పొద్దున బొమ్మ పొద్దునే వస్తుందా? రాదు. స్లైడ్‌షోకు ఎంతసేపు గడిచిందో తెలుసు గానీ ఇప్పుడు పొద్దునా సాయంత్రమా అనేది తెలియదు. మనం 11 గంటలకు మొదలుపెడితే తెల్లవారుజాము బొమ్మ 11కే వస్తుంది. సాలార్‌జంగ్ గడియారంలో బొమ్మ గంటకోసారి బయటికి రావడమే కాదు, 4 అయితే 4 సార్లే కొడుతుంది గదా. ఆ తెలివి స్లైడ్‌షోకు లేదు.

దానికి వేరే దారి పట్టాలి. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ అనే యుటిలిటీ ముందే ఉంటుంది. మన హాస్టల్ టైంటేబుల్ లాంటిది: ఇన్ని గంటలకు ఈ పని. పొద్దున 6కు ఒక బొమ్మ, 9కి ఒక బొమ్మ అని రాసి పెట్టి, బొమ్మ మార్చే నాలుగు లైన్ల ఆదేశాన్ని దానికి అప్పగించాలి. ఆ టైముకు కంప్యూటర్ ఆపి ఉంటే, ఆన్ కాగానే తప్పిపోయిన పని చెయ్యి అని చెప్పే గడి కూడా అందులో ఉంది. కరెంటు కోతలున్న చోట ఆ గడిలో టిక్కు పెట్టడం మరవకండి. లినక్స్ కంప్యూటర్లలో ఇట్లాంటి పనికి క్రాన్ అని ఉంది. గ్రీకు భాషలో క్రోనోస్ అంటే కాలం, ఆ పేరే దీనికి. అందులో వరసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని ఐదు గళ్ళు ఉంటాయి. 0 6 * * * అని రాస్తే ప్రతిరోజూ పొద్దున 6 గంటలకు అని అర్థం. చుక్క గుర్తు ఉన్నచోట "ఏదైనా సరే" అని చదువుకోవాలి. క్రాన్ తెర వెనుక ఉండి పనిచేస్తుంది కాబట్టి ఏ విద్యార్థి తెరను మార్చాలో దానికి చెప్పవలసి ఉంటుంది. అది కొంచెం చిక్కు.

ఉబుంటు లాంటి లినక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఇంకా తేలిక పద్ధతి ఉంది. ఒక చిన్న ఫైలులో మొదలయ్యే తేదీ, టైము రాసి, ఏ బొమ్మ ఎన్ని సెకన్లు ఉండాలో రాయాలి. (హైదరాబాద్‌లోని స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు తెలుగు మెనూలతో లినక్స్ తయారుచేశారు. ఇంగ్లీషు రాదని భయపడేవాళ్ళు అట్లాంటిది వాడవచ్చు.) మన లెక్కల పీరియడ్ ఇక్కడ అక్కరకొస్తుంది. పొద్దున 6 నుండి 9 దాకా ఒక బొమ్మ అంటే 3 గంటలు, 10800 సెకన్లు. 9 నుండి 12 దాకా 10800. 12 నుండి 3 దాకా మళ్ళీ 10800. 3 నుండి 5 దాకా 7200, 5 నుండి 7 దాకా 7200. రాత్రి 7 నుండి మర్నాడు పొద్దున 6 దాకా 11 గంటలు, అనగా 39600. అన్నీ కూడితే 86400 రావాలి. ఒక రోజుకు సెకన్లు అన్నే. 86300 వచ్చిందనుకోండి, మొదటి రోజు ఏమీ తెలియదు. కానీ రోజూ 100 సెకన్లు ముందుకు జరుగుతూ జరుగుతూ ఒక నెలకు 50 నిమిషాల తేడా వచ్చేస్తుంది. అప్పుడు ఎక్కడ తప్పిందో వెతుక్కోవాలి.

ఆపిల్ కంపెనీ 2018లో మొహావీ అనే మాక్ ఓఎస్‌తో ఇంకో అడుగు ముందుకు వేసింది. ఎడారి ఇసుకదిబ్బ బొమ్మలు 16 ఒకే ఫైలులో పెట్టి, ఒక్కో బొమ్మకు ఆ వేళకు సూర్యుడు ఆకాశంలో ఎంత ఎత్తున ఉంటాడో కూడా రాసిపెట్టారు. కంప్యూటర్ తానున్న ఊరిని బట్టి సూర్యుడి ఎత్తు లెక్కగట్టి దానికి సరిపోయే బొమ్మ చూపిస్తుంది. ఇది ఎందుకు గొప్ప అంటే, హైదరాబాద్‌లో జూన్ నెలలో సుమారు 5.40కే సూర్యుడు వస్తాడు, జనవరిలో 6.50 దాకా రాడు. గంటకు పైగా తేడా. 6 గంటలకు తెల్లవారు బొమ్మ అని మనం రాసిపెడితే జనవరిలో బయట చీకటి, తెర మీద వెలుగు! మన తాతలకు ఈ సంగతి చెప్పనక్కర లేదు, వాళ్ళు గడియారం చూసి పొలానికి పోలేదు.

సరే, బొమ్మలు ఎక్కడివి? ఇక్కడే ఎక్కువ ఆలోచించాలి. చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. దాని నాలుగు ముఖాలు సరిగ్గా నాలుగు దిక్కులకు ఉంటాయి. కాబట్టి అదే పెద్ద నీడగడియారం లాగా పనిచేస్తుంది. పొద్దున తూర్పు ముఖం మీద వెలుగు పడుతుంది. అప్పుడు తూర్పు రోడ్డు నుండి ఫోటో తీయాలి. సాయంత్రం పడమటి ముఖం బంగారు రంగులోకి వస్తుంది, దానికి గాజుల దుకాణాలుండే లాడ్ బజార్ వైపు నిలబడాలి. ఉత్తరం వైపు గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడితే మిగతా కాలమంతా మధ్యాహ్నం ఆ ముఖం నీడలోనే ఉంటుంది. మే రెండో వారం నుండి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు హైదరాబాద్‌కు కొద్దిగా ఉత్తరంగా ఉంటాడు, అప్పుడు దాని మీద ఎండ పడుతుంది. 9 గంటల బొమ్మకు మక్కా మసీదు ముందు పావురాలు బాగుంటాయి. ఆ మసీదు 1694లో పూర్తయింది. 12కు సాలార్‌జంగ్ గడియారం పెట్టుకోవచ్చు. మ్యూజియం లోపల ఫోటోలకు నియమాలుంటాయి, టికెట్ దగ్గరే అడగండి. రాత్రికి దీపాలు వేసిన చార్మినార్.

చార్మినార్ నిలువుగా పొడుగు, కంప్యూటర్ తెర అడ్డంగా వెడల్పు. దగ్గరికి పోయి నిలువుగా తీసిన ఫోటోను తెరకు నిండుగా, అనగా ఫిల్ అని పెడితే మినార్లు తెగిపోతాయి. మినార్లు లేని చార్మినార్ ఏం చార్మినార్? ఫిట్ అని పెడితే మొత్తం వస్తుంది గానీ రెండు పక్కలా ఖాళీ పట్టీలు వస్తాయి. అందుకని వెనక్కి పోయి, రెండు వైపులా వీధి కూడా వచ్చేటట్టు ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని తీయాలి. చార్మినార్‌ను కొంచెం కుడివైపుకు ఉంచండి. ఎందుకంటే ఐకాన్లు ఎడమవైపు ఉంటాయి. గాజుల బొమ్మ చాలామంది పెట్టుకుంటారు. చూడడానికి మస్తుగా ఉంటది, కానీ అన్ని రంగుల మధ్య ఐకాన్లు కనపడక వెతుక్కోవాలి. నేనైతే పెట్టను.

ఫోటో సైజు కూడా చూడండి. 4000 × 3000 ఫోటోలో 1 కోటి 20 లక్షల చుక్కలుంటాయి. 1366 × 768 తెర మీద పట్టేవి పదిన్నర లక్షలు దాటవు. పదకొండు రెట్లు ఎక్కువ మోసి ఏం లాభం? పాత కంప్యూటర్ బొమ్మ మారినప్పుడల్లా ఒక్క క్షణం ఆగిపోతుందంటే కారణం ఇది కావచ్చు. పెయింట్ ప్రోగ్రాములో రీసైజ్ నొక్కి చిన్నవి చేసుకోండి.

ఇంకో మాట. మనుషుల ముఖాలు దగ్గరగా కనిపించే ఫోటోలు అడగకుండా తీయవద్దు. పండుగకో సంతకో మన వైపు వచ్చే టూరిస్టులు మన అవ్వలను, పచ్చబొట్లను, నగలను అడగకుండా ఫోటో తీసుకుని పోతారు. అవి ఎక్కడ ఎవరి తెర మీద ఉన్నాయో మనకు తెలియదు. మనకు ఎట్లుంటది? గాజులమ్మే అమ్మకు, ఆమె దగ్గర గాజులు కొనే అక్కకు కూడా అట్లాగే ఉంటది. "తీసుకోవచ్చా అన్నా", "తీసుకోవచ్చా అమ్మా" అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. వద్దంటే మానుకోవాలి. వాళ్ళు వద్దన్నా చార్మినార్ ఎక్కడికీ పోదు.

ఫోటో తీయడానికి ఫోన్ లేనివాళ్ళు పాత ఫోటోలు వాడుకోవచ్చు. రాజా దీన్‌దయాళ్ (1844-1905) ఆరో నిజాం కాలంలో హైదరాబాద్‌ను ఎన్నో ఫోటోలు తీశాడు. ఆయన పోయి వంద ఏళ్ళు దాటింది కాబట్టి వాటి మీద హక్కుల గొడవ లేదు. పాత చార్మినార్ ఫోటో ఏది దొరికినా ఒకటి గమనించండి. దాని మీది గడియారాలు 1889లో పెట్టినవి. గడియారం కనపడకపోతే ఆ ఫోటో అంతకు ముందుది అన్నమాట. పాత ఫోటో ఒకటి, ఇప్పటి ఫోటో ఒకటి పక్కపక్కన వచ్చేటట్టు పేర్లు పెట్టి, షఫుల్ ఆపితే వరసగా చూడవచ్చు. 01, 02, 03 అని అంకెలతో పేర్లు మొదలుపెట్టండి.

"ఉచిత వాల్‌పేపర్ యుటిలిటీ" అని ఇంటర్నెట్‌లో కనిపించేవాటి సంగతి. అన్నీ చెడ్డవి కావు. కానీ బొమ్మలు మారుస్తానని లోపలికి వచ్చి, ప్రకటనలు చూపించేవీ, మనం ఏం చేస్తున్నామో చూసేవీ వాటిలో ఉన్నాయి. రోజూ ఇంటర్నెట్ నుండి కొత్త బొమ్మ తెచ్చే రకాలైతే మన డేటా కూడా తింటాయి. పైన చెప్పిన పనంతా కంప్యూటర్‌లో ముందే ఉన్న పనిముట్లతో అయిపోతున్నప్పుడు ఎవరో తెలియనివాళ్ళను ఇంట్లోకి పిలవడం దేనికి? బడి కంప్యూటర్‌లో అయితే సారును అడగకుండా ఏదీ ఎక్కించవద్దు, అది అందరిదీ.

చివరగా చిన్న విషయాలు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్‌ను స్లైడ్‌షోకు చూపించవద్దు. పెన్‌డ్రైవ్ తీసేస్తే దానికి బొమ్మలు దొరకవు. ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఆ ఫోల్డర్‌కు ఒక పేరు పెట్టి, తర్వాత పేరు గానీ చోటు గానీ మార్చకుండా ఉంచండి. ఒక బొమ్మ మీద విసుగు పుడితే డెస్క్‌టాప్ మీద కుడి బటన్ నొక్కి నెక్స్ట్ డెస్క్‌టాప్ బ్యాక్‌గ్రౌండ్ అంటే గంట ఆగకుండా తర్వాతది వస్తుంది. గూడెం కొండ ఫోటోలు ఉన్నవాళ్ళు వాటికి వేరే ఫోల్డర్ చేయండి, పాతబస్తీతో కలపకండి, వారం మార్చి వారం పెట్టుకోవచ్చు. విహారయాత్రకు పోయేవాళ్ళు మాత్రం సాలార్‌జంగ్ మ్యూజియంను శుక్రవారం పెట్టుకోకండి, ఆ రోజు దానికి సెలవు.